శనివారం కాల్: హార్డ్ మనీ, ప్రైవేట్ లోన్లు

అందరికీ నమస్కారం. ఇళ్లు కొని బాగుచేయడానికి తీసుకునే హార్డ్ మనీ, ప్రైవేట్ లోన్ల గురించి శనివారం సాయంత్రం 6 గంటలకు గ్రూప్ కాల్ ఉంది.

హార్డ్ మనీ అంటే ఆస్తి తనఖా మీద బ్యాంకులు కాని లెండర్లు ఇచ్చే అప్పు. ఇచ్చేవాళ్లు మన జీతం కన్నా ఆస్తినే ఎక్కువ చూస్తారు. డబ్బు త్వరగా చేతికొస్తుంది, కానీ గడువు తక్కువ, వడ్డీ ఎక్కువ. చాలావాటిలో నెలనెలా వడ్డీ కట్టి, అసలు చివర్లో ఒకేసారి తీర్చాలి. పాయింట్లు వేరే: 2 పాయింట్లంటే లోన్‌లో 2 శాతం ఫీజు.

నేను మొదటిసారి వడ్డీ రేటే చూశాను, గడువు పొడిగింపు ఫీజు చూడలేదు. రిపేర్లు రెండు నెలలు లేటయ్యాయి. ఇక చెప్పేదేముంది!

తెలిసినవాళ్ల దగ్గర ప్రైవేట్ లోన్ తీసుకున్నా ప్రామిసరీ నోటు, తనఖా పత్రం రాసుకోవాల్సిందే. మొహమాటం వద్దు.

శుక్రవారం రాత్రిలోగా ఒక్కొక్కరు ఒక డీల్ లెక్క ఇక్కడ పెట్టండి: కొనే ధర, రిపేర్ల ఖర్చు, బాగుచేశాక వచ్చే ధర, అప్పు తీర్చే దారి.

లెండర్ల ఫోన్ నంబర్లు మాత్రం గ్రూప్‌లో పెట్టకండి.