బండి కొనే ముందు ట్రాన్స్‌ఫార్మర్ చూడండి

సంపాదకులకు,

పల్లెలకూ దీవులకూ విద్యుత్ వాహనాలు రావాలన్న మాట ఎత్తితే చాలు, చర్చ 'ఒక్కసారి ఛార్జి చేస్తే ఎన్ని కిలోమీటర్లు పోతుంది' అన్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. ఈ కొస నుంచి ఆ కొసకు ముప్పై కిలోమీటర్లు కూడా లేని దీవిలో అది ప్రశ్నే కాదు. రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగే బండి చేత మూడొందల కిలోమీటర్ల బ్యాటరీ మోయించడం దండగ. చిక్కంతా కరెంటు తీగ చివర ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

పొలాల మధ్య స్తంభం మీద ఉండే 25 కేవీఏ త్రీఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్‌నే తీసుకోండి. అది ఒక్కో ఫేజ్‌కు ఇవ్వగలిగింది సుమారు 33 ఆంపియర్లు. గోడకు బిగించే 7.4 కిలోవాట్ల కారు ఛార్జర్ ఒక్కటే 32 ఆంపియర్లు లాగుతుంది. అంటే ఒక్క కారు ఒక ఫేజ్ మొత్తాన్ని మింగేసినట్టే. నీళ్ల మోటారు వేసినప్పుడు క్షణకాలం పడే లోడును ట్రాన్స్‌ఫార్మర్ ఓర్చుకుంటుంది. ఛార్జర్ లోడు అలాంటిది కాదు, ఐదారు గంటలు వదలదు. ఇళ్ల వాడకం కూడా తోడైతే ట్రాన్స్‌ఫార్మర్‌లోని నూనె వేడెక్కి, లోపలి చుట్లకున్న ఇన్సులేషన్ కాగితం పెళుసుబారుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఆ రాత్రే కాలిపోదు కాబట్టి, ఏడాది తర్వాత పోయినప్పుడు కారణం ఛార్జరని ఎవరికీ తట్టదు.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి అర కిలోమీటరు దూరంలో ఉన్న ఇంటి పరిస్థితి ఇంకా అధ్వానం. 50 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ అయితే రానూపోనూ కలిపి నిరోధం దాదాపు 0.64 ఓమ్‌లు. 32 ఆంపియర్లు పారితే 20 ఓల్టులు దారిలోనే పోతాయి. 230 ఓల్టులు 210కి దిగాక ఆ వీధిలో ఫ్రిజ్‌ల కంప్రెసర్లు మూలగడం మొదలవ్వచ్చు. పైగా భారమంతా ఒకే ఫేజ్ మీద పడితే న్యూట్రల్‌లో కరెంటు పెరుగుతుంది. న్యూట్రల్ జాయింటు వదులైతే పక్క ఫేజ్ ఇళ్లలో ఓల్టేజి ఎగబాకి టీవీలు పోతాయి.

దీనికి మందు ఖరీదైనది కాదు. చాలా ఛార్జర్లలో కరెంటు పరిమితిని తగ్గించే అమరిక ఉంటుంది, బిగించేవాళ్లు దాన్ని ముట్టుకోరు. 10 ఆంపియర్లకు దించి రాత్రి ఎనిమిది గంటలు పెట్టినా 18 యూనిట్లు ఎక్కుతాయి. నష్టాలు పోగా చిన్న కారుకు వంద కిలోమీటర్లకు సరిపోతుంది. మూడు యూనిట్ల బ్యాటరీ ఉన్న స్కూటర్‌కు 750 వాట్ల ఛార్జర్‌తో నాలుగైదు గంటలు చాలు. ఇక టైమర్ల సంగతి. ఊరంతా రాత్రి పదకొండుకు పెట్టుకుంటే సరిగ్గా పదకొండుకే లైను మీద బండ పడ్డట్టవుతుంది. బ్రిటన్‌లో 2022 నుంచి కొత్త ఇంటి ఛార్జర్లు ఒక్కొక్కటి కొన్ని నిమిషాల తేడాతో మొదలయ్యేలా నిబంధన పెట్టింది అందుకే.

స్కాట్లాండ్‌లోని ఐగ్ దీవి 2008లో సొంతంగా గాలి, నీరు, ఎండ నుంచి కరెంటు తెచ్చుకున్నప్పుడు ఒక్కో ఇంటికి 5 కిలోవాట్లే హద్దు పెట్టుకుంది. అలాంటి చోట 7.4 కిలోవాట్ల ఛార్జర్ ఆన్ చేస్తే ఇంటి స్విచ్చు పడిపోతుంది. హద్దు తెలిసినవాళ్లకు ఏం కొనాలో కూడా తెలుస్తుంది. మిగతా ఊళ్లలో హద్దు లేక కాదు, ఎవరూ కొలవలేదు, అంతే.

రేవుల్లో, బస్టాండుల్లో మాత్రం నెమ్మది ఛార్జింగ్ కుదరదు. నార్వేలో సోగ్నె ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ మీద లావిక్, ఓపెడాల్ ఊళ్ల మధ్య 2015లో తిరగడం మొదలుపెట్టిన ఆంపియర్ అనే విద్యుత్ పడవ చూపిన దారి ఇక్కడ పనికొస్తుంది. సుమారు వెయ్యి యూనిట్ల బ్యాటరీ ఉన్న ఆ పడవ రేవులో ఆగే పది నిమిషాల్లోనే ఛార్జి కావాలి. ఆ పల్లెల లైన్లకు అంత శక్తి లేదు. అందుకని రెండు రేవుల్లోనూ ఒడ్డున బ్యాటరీలు పెట్టారు. పడవ లేనప్పుడు అవి మెల్లగా నింపుకుంటాయి, రాగానే ఒక్కసారిగా ఇచ్చేస్తాయి. ఇదే పద్ధతిలో 10 కిలోవాట్ల కనెక్షన్ వెనక వంద యూనిట్ల బ్యాటరీ పెడితే, 60 కిలోవాట్ల ఛార్జర్ ఒక్కో బండికి 20 నిమిషాల్లో 20 యూనిట్లు ఇవ్వగలదు. కానీ ఆ 20 యూనిట్లు లైను నుంచి మళ్లీ రావడానికి రెండు గంటలు పడుతుంది. రోజుకు పది, పదకొండు బండ్లకు మించి పెట్టుకుంటే సాయంత్రానికి ఛార్జర్ ఉంటుంది, అందులో కరెంటు ఉండదు.

డీజిల్ జనరేటర్ల మీద బతికే దీవుల లెక్క ఇంకొకటి. లీటరు డీజిల్‌కు జనరేటర్ ఇచ్చేది మూడు నుంచి నాలుగు యూనిట్లు. కారుకు వంద కిలోమీటర్లకు ఛార్జింగ్ నష్టంతో కలిపి 18 యూనిట్లు కావాలి, అంటే ఐదు లీటర్లు. చిన్న డీజిల్ కారు తాగేదీ దాదాపు ఇంతే. వీధిలో పొగ తగ్గొచ్చు గానీ దీవికి దిగే డీజిల్ తగ్గదు. సోలార్ ముందు రావాలి, బస్సులు మధ్యాహ్నం ఎండలో ఛార్జి కావాలి. ఇందుకు పూర్తిగా తిరగేసిన కథ స్కాట్లాండ్‌లోని ఆర్క్‌నీ దీవులది. 2013 నుంచి అక్కడ వాడకాన్ని మించి గాలి కరెంటు పుడుతోంది. ప్రధాన భూభాగానికి వెళ్లే కేబుల్ నిండిపోయి గాలిమరలు ఆపేయాల్సి వస్తుంది. అక్కడ ప్రతి కారూ వృథా అయ్యేదాన్ని తాగుతుంది.

ఇక ఉప్పుగాలి. ఫ్యాన్లతో చల్లబడే ఫాస్ట్ ఛార్జర్ సముద్రపు గాలిని లోపలికి పీలుస్తుంది, సర్క్యూట్ బోర్డుల మీద ఉప్పు పేరుకుంటుంది. తేమ తగలగానే లీకేజీ మొదలై, దాన్ని పసిగట్టి కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చు మాటిమాటికీ పడిపోతుంది. విసుగెత్తి దాన్ని తప్పించి డైరెక్ట్‌గా కలపడం అన్నిటికన్నా పెద్ద తప్పు. బండికి తగిలించే ఛార్జింగ్ గన్ పిన్ను మీద తుప్పు పట్టి 0.05 ఓమ్ నిరోధం వచ్చినా, 32 ఆంపియర్లకు 50 వాట్ల వేడి పుడుతుంది. ప్లాస్టిక్ కరగడానికి అది చాలు. పిన్నులకు గ్రీజు పూస్తే ఇసుక అంటుకుంటుంది. గన్‌ను నోరు కిందికి ఉండేలా, మూతపెట్టి వేలాడదీయాలి. గాలి లోపలికి పీల్చని, మూసివున్న పెట్టెలు, బోర్డులకు తేమ సోకని రక్షణ పూత, 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు కావాలి. 304 రకం ఒడ్డున మచ్చలు తేలుతుంది. ఇనుప ఎర్త్ రాడ్డును ఉప్పు ఇసుక తినేస్తుంది కాబట్టి ఏటా ఎర్త్ నిరోధం కొలవక తప్పదు.

ఉప్పెనను కూడా లెక్కలో పెట్టాలి. 2022లో ఫ్లోరిడాలో ఇయన్ తుపాను తర్వాత ఉప్పునీట మునిగిన విద్యుత్ కార్లు కొన్ని రోజుల తర్వాత కూడా అంటుకున్నాయి. నీరు తీశాక ఆరిపోయిన ఉప్పే లోపల కరెంటుకు దారి చేస్తుంది. మునిగిన బండిని ఛార్జి చేయకూడదు, స్టార్ట్ చేయకూడదు, ఇంటికీ మిగతా బండ్లకూ కనీసం 15 మీటర్ల దూరంలో ఆరుబయట ఉంచాలి. డిపో స్థలం వెతికేటప్పుడే మెరక నేల చూసుకుంటే ఈ బాధ సగం తగ్గుతుంది.

ఆర్డరు పెట్టే పంచాయతీలనూ రవాణా శాఖలనూ నేను అడిగేది రెండే. మొదటిది, వాహనాలకు టెండరు పిలిచే ముందు ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరా ఒక వారం పాటు లాగర్ (కొలతలను తనంతట తానే నమోదు చేసే పరికరం) పెట్టి మూడు ఫేజ్‌ల కరెంటునూ, లైను చివరి ఇంట్లో ఓల్టేజినీ రాయించండి. రెండోది, ఛార్జర్‌కు ఒక పవర్ మాడ్యూల్, ఒక గన్ కేబుల్, కరెంటును కలిపి విడదీసే కాంటాక్టర్ ఒకటి, 1000 ఓల్టుల చేతి తొడుగులు రెండు జతలు ఊళ్లోనే నిల్వ ఉండాలని, బండి బ్యాటరీని వేరుచేసే సర్వీస్ ప్లగ్ తీశాక కెపాసిటర్లలో మిగిలిన ఛార్జి దిగేదాకా ఆగాలని తెలిసిన మనుషులు ఇద్దరు అక్కడే ఉండాలని టెండరులో రాయండి. మెకానిక్ పడవెక్కి రావాల్సిన చోట, సముద్రం బాగోలేకపోతే వారం పాటు బస్సు కదలదు.

భవదీయుడు,
ఒక విద్యుత్ పంపిణీ ఇంజనీరు