పంటి ఎక్స్‌రే తీసే వేళ్లు

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను గుంటూరులో డెంటల్ అసిస్టెంట్ కోర్సు చదువుతున్నాను. పొద్దున క్లాసులు, సాయంత్రం ఒక ప్రైవేటు క్లినిక్‌లో ట్రైనింగ్. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు ఫీజెంత, నొప్పి ఉంటుందా అని అడుగుతారు గానీ, ఎక్స్‌రే తీసే అమ్మాయికి ఆ పని వచ్చా అని ఎవరూ అడగరు. అందుకే ఈ ఉత్తరం.

క్లినిక్‌లో చేరిన మూడో రోజే డాక్టరుగారు ‘ఒక ఆర్‌వీజీ తియ్యమ్మా’ అన్నారు. ఆర్‌వీజీ అంటే ఫిల్ముకు బదులు సెన్సర్ అనే చిన్న పలకను నోట్లో పెట్టి తీసే డిజిటల్ పంటి ఎక్స్‌రే. అప్పటిదాకా నేను సెన్సర్‌ను ముట్టుకున్నది లేదు. కాలేజీలో ఎక్స్‌రే పాఠమంటే బోర్డు మీద గీసిన బొమ్మే. పేషెంటు అరవై దాటిన పెద్దాయన. కింది దవడలో చివరి పన్ను. సెన్సర్ అంచు నాలుక పక్కన ఒత్తుకునేసరికి ఆయనకు డోకు వచ్చింది. మొదటి బొమ్మలో వేరు కొస పడలేదు. రెండోదానిలో సగమే పన్ను, మిగతా సగం చంద్రవంకలా తెల్లగా ఉంది. కిరణాలు వచ్చే యంత్రం గొట్టం పక్కకు జరిగితే అలా వస్తుందనీ, దాన్ని కోన్ కట్ అంటారనీ ఆ రాత్రి పుస్తకం తిరగేస్తే తెలిసింది. మూడోసారికి ఆయన ‘ఏం పాపా, పన్ను అక్కడే ఉందా, పారిపోయిందా?’ అన్నారు. అందరూ నవ్వారు, నాకు మాత్రం చెమటలు పట్టాయి.

అప్పుడు సీనియర్ అక్క ‘సెన్సర్ కదలకుండా వేలితో పట్టుకో’ అంది. ఆమె ఏళ్లుగా అలాగే పట్టుకుంటోందట. సెన్సర్‌ను పట్టి ఉంచడానికి హోల్డర్లు ఉంటాయి. ముందు పళ్లకు నీలం రింగు, వెనక పళ్లకు పసుపు. మా క్లినిక్‌లో అవి కవరు కూడా విప్పకుండా సొరుగులో ఉన్నాయి. అమర్చడానికి టైం పడుతుందట!

జనాన్ని భయపెట్టాలని కాదు. ఒక చిన్న పంటి ఎక్స్‌రేతో పేషెంటుకు అందే రేడియేషన్, ప్రకృతి నుంచి మనందరికీ ఒక రోజులో అందేదానికి అటూఇటూగా ఉంటుంది. అవసరమైన ఎక్స్‌రేకు వెనకాడక్కర్లేదు. కానీ పేషెంటుకు అది ఎప్పుడో ఒకసారి. రోజూ కిరణాలకు వేలు అడ్డం పెట్టే అసిస్టెంటు సంగతి వేరు. నిలబడాల్సింది ఆరడుగుల దూరంలో, అదీ గొట్టానికి ఎదురుగా కాకుండా పక్కకు. చిన్నపిల్లలకో, చేతులు వణికే పెద్దలకో సాయం కావాలంటే, వెంట వచ్చినవాళ్లకు కిరణాలను ఆపే సీసపు ఏప్రన్ తొడిగి వాళ్లను పట్టుకోమనాలి. సిబ్బంది పట్టుకోకూడదు.

న్యూ ఆర్లీన్స్ దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్స్ 1885లోనే క్లినిక్ పనికి ఒక మహిళను పెట్టుకున్నాడు. మా వృత్తి చరిత్ర ఆయనతోనే మొదలవుతుంది. ఎక్స్‌రేలు కొత్తగా వచ్చిన రోజుల్లో యంత్రం సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఆయన తన చెయ్యే అడ్డం పెట్టేవాడు. ముందు వేళ్లు పోయాయి, తర్వాత చెయ్యే తీసేయాల్సి వచ్చింది. 1928లో చనిపోయాడు. అప్పటి యంత్రాలకూ ఇప్పటివాటికీ పోలిక లేదు, నిజమే. అయినా వేలు పెట్టే అలవాటు ఇంకా పోలేదు.

మన దేశంలో ఎక్స్‌రే యంత్రాన్ని అణుశక్తి నియంత్రణ బోర్డు వారి ఈలోరా పోర్టల్‌లో నమోదు చేయాలి. బాగానే ఉంది. బటన్ నొక్కే మనిషి ఎక్కడ, ఎన్నాళ్లు నేర్చుకుందో కూడా పేషెంటుకు కనబడేలా క్లినిక్ గోడ మీద రాయించాలి. అసిస్టెంటు కోర్సులు నడిపే ప్రతి చోటా పళ్లున్న బొమ్మ తల ఒకటి పెట్టి, దాని మీద చెయ్యి తిరిగాకే మమ్మల్ని మనుషుల దగ్గరికి పంపాలి. గుట్కా తిని నోరు రెండు వేళ్ల మందం కూడా తెరవలేనివాళ్లు మా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు సెన్సర్ పెట్టడం బోర్డు మీద బొమ్మ చూస్తే వచ్చే విద్య కాదు.

మా బ్యాచ్‌కు ఇంకా రెండు నెలలే ఉంది. బొమ్మ తల ఇప్పుడు తెప్పించినా మాకు అందదేమో. వచ్చే ఏడాది చేరే పిల్లలకైనా అందేలా అధికారులు చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక డెంటల్ అసిస్టెంట్ విద్యార్థిని,
గుంటూరు.