చిరంజీవి మంజులకు

మర్రిగూడ,
గురువారం

చిరంజీవి మంజులను నాయన దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం తెలియక మీ అమ్మ కొంచెం బెంగగా ఉంది. ఫోను మోగుతోంది, నువ్వు ఎత్తడం లేదు. పనిలో ఉండి ఉంటావని నేనే సర్దిచెబుతున్నాను. నాకైతే బెంగ ఏమీ లేదు. ఉత్తరం రాసి చాలా కాలమైంది కదా అని కూర్చున్నాను.

వానలు ఈసారి మొదట ఊరించి తర్వాత మొహం చాటేశాయి. కింది చెలకలో పత్తి గింజలు మళ్లీ పెట్టించాల్సి వచ్చింది. ఇప్పుడు మొలక బాగానే ఉంది. గేదె ఈనింది, పెయ్యదూడ. మీ అన్న కొత్త ఇంటికి స్లాబు పడింది. మొన్న దేవరకొండలో రవి పెళ్లికి వెళ్లి వచ్చాం. అందరూ నిన్ను అడిగారు. మీ చిన్నమ్మ నీ గురించి ఒక మాట అన్నది. అదేమంత పెద్ద సంగతి కాదు, తర్వాత రాస్తాను.

పెళ్లి నుంచి వచ్చాక అల్మారా దులుపుతుంటే మీ పెదనాన్న యెల్లందు గని నుంచి తెచ్చిన ఆకురాయి దొరికింది. గుర్తుందా, బొగ్గుపొర మీది నల్లటి పలకరాయి? నాలుక ఆకారంలో ఆకు అచ్చు, నడుమ బలమైన ఈనె, అక్కడి నుంచి అంచుల దాకా వల అల్లినట్టు సన్నటి ఈనెలు. ఎండ ఏటవాలుగా పడితేనే ఆ వల కనిపిస్తుంది. నేరుగా వెలుతురులో పెడితే ఉత్త నల్లరాయి. పొద్దున వాకిట్లో అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాను. సింగరేణి బొగ్గు చాలావరకు ఆ ఆకు చెట్లదే, గ్లోసాప్టెరిస్ అడవులదే. సుమారు 25 కోట్ల 20 లక్షల ఏళ్ల కిందట అవి తుడిచిపెట్టుకుపోయాయి. సముద్రంలో పది జాతులకు ఎనిమిదికి పైగా పోయాయి. ఆ తర్వాత దాదాపు కోటి ఏళ్ల పాటు భూమ్మీద ఎక్కడా చెప్పుకోదగ్గ బొగ్గుపొర లేదట. బొగ్గుగా మారడానికి తగినన్ని చిత్తడి అడవులే మిగలలేదన్నమాట. ఉండాల్సిన పొర లేకపోవడం కూడా సాక్ష్యమేనని నువ్వే ఒకసారి చెప్పావు.

ఆ నాశనానికి కారణం సైబీరియా లావా అని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. లావా పైకి వచ్చే దారిలో బొగ్గుపొరల్లోకి, ఉప్పుపొరల్లోకి చొరబడి వాటిని కాగబెట్టి, బొగ్గును మండించింది. ఆ బొగ్గు కాలిన బూడిద కణాలు ఉత్తర కెనడాలో అదే కాలపు రాళ్లలో దొరికాయి. అవి నేటి థర్మల్ కేంద్రాల బూడిదను పోలి ఉన్నాయట. చైనాలో మేషాన్ దగ్గర అగ్నిపర్వత బూడిద పొరల్లోని జిర్కాన్ అనే ఖనిజ రేణువుల వయసు తీసి, ఆ నాశనానికి పట్టింది సుమారు 60 వేల ఏళ్లేనని 2014లో లెక్క తేల్చారు. ఆ కాలపు పొరల్లో పాదరసమూ మామూలుకంటే ఎక్కువ. అగ్నిపర్వతం వదిలిన పాదరసం ఆవిరై గాలిలో దేశాలు దాటి, చివరికి సముద్రం అడుగు మట్టిలో దిగుతుంది కదా.

పాదరసం అంటే గుర్తొచ్చింది. నీ పరిశోధన కోసం రాళ్లలో పాదరసం కొలిచే పరీక్షలు చేసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకుంటున్నావా? రాయిలో ఉండేది వందకోట్ల భాగాల్లో పదులో వందలో అని నువ్వు చెప్పిందే, నాకు తెలుసు. అయినా ఆమ్లాలుంటాయి. రాయి పొడి కొట్టేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. మీ పెదనాన్న దగ్గు విన్నావు కదా.

చిన్నమ్మ అన్న మాట ఇది. "మంజుల పరిశోధన మానేసిందట కదా బావా, బెంగళూరులో ఏదో కంపెనీలో చేరిందట" అని. పక్కన ఉన్నవాళ్లు కూడా ఇటు తిరిగారు. నేను నమ్మలేదు. "అలాంటిదేమైనా ఉంటే మాకు చెప్పకుండా ఉంటుందా" అన్నాను. మీ అమ్మ మాత్రం అప్పటి నుంచి సరిగ్గా తినడం లేదు. నీ ఫలితాలు మీ గైడు అనుకున్న దానికి కుదరలేదనీ, నలుగురిలో ఆయన గట్టిగా మాట్లాడారనీ కూడా ఎవరో అన్నారు. అది నిజమైతే ఆయన మర్యాద ఆయనకే తెలియాలి. నేను ఆ సంగతి అడగడం లేదు.

గుబ్బియో కథ నాకు చెప్పింది నువ్వే, అయినా మళ్లీ రాస్తాను. ఇటలీలో ఆ ఊరి దగ్గర సున్నపురాయి పొరల మధ్య, డైనోసార్లు అంతరించిన కాలపు, ఒక సెంటీమీటరు మందం మట్టిపొర. కింద పొరలో ఉన్న సూక్ష్మజీవుల గుల్లలు పైపొరలో దాదాపు లేవు. వాల్టర్ అల్వారెజ్ ఆ ముక్క తెచ్చి తండ్రి లూయీకి చూపించాడు. తండ్రి నోబెల్ వచ్చిన భౌతిక శాస్త్రవేత్త, రాళ్ల సంగతి ఆయనది కాదు. ఆ పొర పేరుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో తెలుసుకుందామని అందులో ఇరిడియం అనే అరుదైన లోహాన్ని కొలిపించారు. ఆ లోహంతో ఆకాశం నుంచి రాలే ధూళి ఏటా ఒకే మోతాదులో పడుతుంది కాబట్టి అది గడియారంలా పనికొస్తుందనుకున్నారు. కొలిచిన ఫ్రాంక్ అసారో, హెలెన్ మిషెల్‌లకు అనుకున్నదానికి పొంతనే లేని అంకె వచ్చింది. చుట్టూ ఉన్న రాయి కంటే సుమారు 30 రెట్లు. వాళ్లు వెతికింది ఉల్కను కాదమ్మా. కుదరని అంకెను పారేయకుండా పట్టుకున్నారు కాబట్టి, ఆ నాశనానికి ఉల్క కారణమని చెప్పే పత్రం 1980లో వచ్చింది. నాకు ఆ కథలో అన్నిటికంటే నచ్చింది, కొడుకు రాయి తెచ్చి తండ్రి చేతిలో పెట్టడం. నేను నోబెల్ వాణ్ణి కాను, పల్లెటూరి బడిలో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. అయినా నీ అంకెలు నాకు చూపించవచ్చు.

ఆ ఉల్క పడ్డ మెక్సికో బిలం సంగతి కూడా అంతే. గ్లెన్ పెన్‌ఫీల్డ్ 1978లో చమురు కోసం చేసిన అయస్కాంత సర్వేలో యుకాటన్ తీరాన పెద్ద వలయం చూశాడు. ఆంటోనియో కమార్గోతో కలిసి 1981లో ఒక సదస్సులో చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. బావుల్లోంచి తీసిన రాయిని అంతకుముందే అగ్నిపర్వత శిల అని రాసి పెట్టేశారు మరి. 1991 దాకా ఆ వలయానికి గుర్తింపు రాలేదు. సుమారు 180 కిలోమీటర్ల బిలం, కళ్ల ముందే ఉండి అన్నేళ్లు ఆగింది. పెన్‌ఫీల్డ్ ఈలోగా ఉద్యోగం చేసుకున్నాడు, అదీ నిజమే. ఉద్యోగం చేయడం తప్పని నేను ఎప్పుడూ అనను.

బెంగళూరులో చేరితే చేరావు. ఎవరి నోటనో వినాల్సి రావడమే మీ అమ్మకు కష్టంగా ఉంది.

పాత బావి తవ్వించిన వేసవి నీకు ఎంతవరకు గుర్తుందో. నీకు ఆరేళ్లు. ఎల్లయ్య, అతని ఇద్దరు కొడుకులు వచ్చారు. గిరక మీదుగా తట్టలు పైకి వస్తుంటే ఎల్లయ్య ఒక్కో రకం మట్టిని ఒక్కో కుప్పగా పోయించేవాడు. మొదట ఎర్రటి చెలక మట్టి, తర్వాత మొరం, తర్వాత చేత్తో నలిపితే నలిగే మెత్తరాయి. ప్రతి తట్టలోంచి పిడికెడు తీసి పిండి, చెమ్మ ఉందో లేదో చూసేవాడు. కుప్పలు కలపొద్దని అందరికీ చెప్పాడు. ఏ మట్టి ఎంత లోతున వచ్చిందో తెలిస్తేనే ఊట ఎటు పోతుందో తెలుస్తుందట. నువ్వు మధ్యాహ్నం అందరూ కునుకు తీసినప్పుడు పిచ్చుకగూళ్లు కట్టడానికి మొరం తీసుకెళ్లి ఎర్రమట్టిలో కలిపేశావు. నాయనమ్మ చెయ్యెత్తింది. ఎల్లయ్య అడ్డుపడి నిన్ను కుప్ప ముందు కూర్చోబెట్టాడు. "ఏరు బిడ్డా, దేనికది ఏరు" అన్నాడు. తిండికి పిలిచినా లేవలేదు నువ్వు. పొద్దు గుంకే దాకా గరుకు పలుకులు ఒక పక్కకు, మెత్తటి మట్టి ఒక పక్కకు పెట్టావు. ఏడుస్తూ పెట్టావు, కానీ పెట్టావు. ఆఖరికి పరుపుబండ తగిలింది. తూటాలు పెట్టి పేలిస్తే బండ పగులులోంచి నీళ్లు వచ్చాయి. ఊరంతా వచ్చి తాగింది, తియ్యగా ఉన్నాయన్నది. పరీక్షకు పంపితే ఫ్లోరైడ్ ఎక్కువని తేలింది. మన గ్రానైట్ రాయిలోంచి నీటిలోకి దిగే విషం అది, నాలుకకు తెలియదు. తాగడానికి వద్దని నేను బోర్డు కట్టించాను. మీ చిన్నతాత వినలేదు. బావి తవ్వించుకుని కొళాయి దగ్గర వరుసలో నిలబడాలా అన్నాడు. ఆయన నడుము తర్వాత ఎట్లా వంగిందో నువ్వు చూశావు. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి నేర్పించడానికి ఇంటింటికీ తిరిగాను. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నాయి, కొత్త పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, లాకి అగ్నిపర్వతం గురించి చదివినప్పుడు చిన్నతాతే కళ్లముందు మెదిలాడు. ఐస్‌లాండ్‌లో 1783 జూన్‌లో నేల పగిలి లావా రావడం మొదలై ఎనిమిది నెలలు సాగింది. వాయువులతో వచ్చిన ఫ్లోరిన్ గడ్డి మీద పడింది. గొర్రెల్లో సుమారు పదింటికి ఎనిమిది, పశువుల్లో సగం చచ్చాయి. వాటి ఎముకలకు గడ్డలు కట్టాయి. ఆ కరువులో జనంలో ఐదో వంతు పోయారు. అక్కడ వచ్చిన లావా మొత్తం 15 ఘన కిలోమీటర్లు. మన దక్కన్‌ది లక్షల ఘన కిలోమీటర్లు. పడమటి కనుమల్లో రెండు కిలోమీటర్లకు పైగా మందం, ఇటు రాజమండ్రి దాకా పాకి కాతేరు, పంగిడి క్వారీల్లో తేలింది. నువ్వు అక్కడి నుంచి తెచ్చిన రాళ్ల సంచులు మన వసారాలో పెడితే అమ్మ తెలియక నీళ్లు చల్లబోయింది.

డైనోసార్ల నాశనానికి కారణం ఉల్కా, దక్కన్ లావానా అన్నది ఇంకా తెగలేదు. 2019 ఫిబ్రవరిలో సైన్స్ పత్రిక ఒకే సంచికలో రెండు బృందాల లెక్కలు వేసింది. యురేనియం, సీసంతో కొలిచినవాళ్లు పెద్ద లావా ఉప్పెన ఒకటి నాశనానికి కొంచెం ముందే వచ్చిందన్నారు. ఆర్గాన్‌తో కొలిచినవాళ్లు లావాలో ముప్పాతిక వంతు ఆ తర్వాతే వచ్చిందన్నారు. ఇద్దరూ అబద్ధాలకోరులు కారు, ఎవరూ ఎవరినీ వెళ్లిపొమ్మనలేదు. నా మటుకు నాకు దెబ్బ ఉల్కదేననిపిస్తుంది. ఇరిడియం, దెబ్బకు చారలు పడ్డ క్వార్ట్జ్ రేణువులు, కరిగి గడ్డకట్టిన గాజు గుళికలు అన్నీ ఒకే సన్నటి పొర దగ్గర దొరకడం చిన్న విషయం కాదు. కానీ ఐదు మహా నాశనాల్లో ఉల్కకు గట్టి సాక్ష్యం ఉన్నది ఈ ఒక్కదానికే. తక్కినవాటిలో కనీసం రెండింటి వెనక లావా ఉంది. అందుకే నీ పాదరసం లెక్క విలువైనది. సేంద్రియ కార్బన్ ఎక్కువున్న పొరలో పాదరసం ఊరికే ఎక్కువ కనిపిస్తుంది, దాన్ని సరిచేశాకే మాట్లాడాలి అని నువ్వు పట్టుబట్టావు. సరిచేస్తే నీకు కనిపించిన పాదరసం శిఖరం పోయిందా? పోతే పోయిందని రాయాలి. అదే మీ గైడుకు కుదరలేదా?

అమ్మమ్మ ఊరు కొడంగల్ వెళ్లేటప్పుడు పరిగి దాటాక నేల నల్లబడేది, నువ్వు బస్సు కిటికీ వదిలేదానివి కాదు. ఆ పక్కనే నస్కల్ దగ్గర లావా పొరల నడుమ మట్టిలోంచి చుంచెలుకంత జంతువు పళ్లు వడగట్టి తీశారు ప్రసాద్, సహానీ. 1988లో నేచర్‌లో అచ్చయింది, పేరు దక్కనోలెస్టిస్. మిల్లీమీటర్లలో కొలిచే పళ్లు, ఎన్ని బస్తాల మట్టి జల్లెడ పట్టారో. పాఠం చెబుతున్నాననుకోకు. పిల్లలకు చెప్పి చెప్పి అలవాటు.

రాత్రిళ్లు ఆలస్యంగా తినకు. క్యాంటీను అన్నం పడకపోతే గదిలో జావ కాచుకో, జొన్నపిండి పంపుతున్నాం. నీ ఖాతాలో కొంత వేశాను, లెక్క అడగను. మానేయాలని నీకే అనిపిస్తే మానేయి, దసరాకు ఇంటికి రా, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. మందలించారని మాత్రం వదిలేయకు. చిన్నమ్మకు ఎవరు చెప్పారో తెలిస్తే అదీ రాయి.

అమ్మ సకినాలు, మామిడి తొక్కు డబ్బా కట్టి ఉంచింది. మీ మేనమామ సోమవారం హైదరాబాద్ వెళ్తున్నాడు, అక్కడి నుంచి కొరియర్ వేస్తాడు. ఈ ఉత్తరం పుణె హాస్టలుకే వేస్తున్నాను. డబ్బా కూడా అక్కడికేనా, వేరే చిరునామాకా? ఆదివారంలోగా చెప్పు. తొక్కు గాజు సీసాలో ఉంది, ఒక చోటికి వెళ్లి తిరిగొస్తే పగులుతుంది.

ఆశీస్సులతో,
నాయన