తేనెపట్ల తరలింపు: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది గోడల్లోంచి, చెట్టు తొర్రల్లోంచి తేనెపట్లు తీసేటప్పుడు మన బృందాలు గట్టిగా పట్టుకున్న నియమం ఒకటే: ముందు పిల్ల పట్టు, అంటే గుడ్లు, పిల్లపురుగులు ఉన్న భాగం, దక్కాలి. ఈగల్ని మార్చే పెట్టె ఎంత బాగున్నా లోపల పిల్లలు లేకపోతే ఈగలు నిలవవు. ఆసియా తేనెటీగకైతే గూడు వదిలి లేచిపోయే గుణం మరీ ఎక్కువ.

గోడ మీద అరచెయ్యి ఆనించి చూస్తే ఒకచోట వెచ్చగా తగులుతుంది. పిల్ల పట్టు అక్కడే ఉంటుంది. దాన్ని ఈగలు 34-35 డిగ్రీల దగ్గర కాపాడుకుంటాయి. లోపల కరెంటు తీగలు లేవని చూసుకున్నాకే గోడ తెరవాలి. పొగ రెండు మూడు సార్లు కొట్టి కాసేపు ఆగితే చాలు. ఎక్కువైతే రాణి ఇంకా లోపలికి దూరి, పని రెట్టింపవుతుంది.

పిల్ల పట్టును పెట్టెలో నిలబెట్టే ఫ్రేముకు సరిపడా కోసి, పై అంచు పైకే ఉండేలా రబ్బరు బ్యాండ్లతో బిగించాలి. కొద్ది రోజుల్లో ఈగలే మైనంతో అతికించుకుని, బ్యాండ్లు కొరికి బయట పడేస్తాయి. తేనె నిండిన పట్టు మాత్రం పెట్టెలో పెట్టకండి. మెత్తటి మైనం బరువుకు కూలిపోతుంది, ఈగలు తేనెలో మునిగి చస్తాయి. మూత ఉన్న బకెట్లో వేయండి.

రాణి కంటపడకపోతే పెట్టె ద్వారం చూడండి. ఈగలు పొట్ట చివర పైకెత్తి రెక్కలాడిస్తూ ఉంటే, తక్కినవీ వరసగా లోపలికి నడుస్తుంటే, రాణి దాదాపు లోపలున్నట్టే. చీకటి పడి అన్నీ చేరాక ద్వారం జాలీతో మూసి, కనీసం 3 కిలోమీటర్లు, వీలైతే 5 దాకా తీసుకెళ్లాలి. దగ్గర్లోనే దించితే మేతకు వెళ్లినవి పాత గోడకే తిరిగిపోతాయి.

ఇంటివాళ్లకు మనం ఎన్నిసార్లయినా చెప్పాల్సిన మాట: పురుగుమందు కొట్టకండి. ఈగలు చచ్చాక పట్టును చల్లబరిచే దిక్కుండదు. మైనం మెత్తబడి తేనె గోడలోకి కారుతుంది, చీమలు, మైనపు పురుగులు చేరతాయి. మనం తీసిన చోట కూడా మైనం గీకి, కడిగి, ఖాళీ నింపి, పగుళ్లు మూయకపోతే మరో గుంపు ఆ వాసనకే వస్తుంది.

కొమ్మకు, కార్నిసుకు ఒకే పెద్ద పట్టుగా వేలాడే కొండతేనెటీగలు పెట్టెలో ఉండవు. వాటి జోలికి వెళ్లకుండా, కాలం మారి అవే వలస పోయేదాకా కింద జనం తిరగకుండా తాడు కట్టించడమే మన పద్ధతి.

వచ్చే ఏడాది ప్రతి బృందం సంచిలో రాణిని ఉంచే చిన్న పంజరం, అదనంగా ఒక ముఖవల తప్పనిసరి.