మా పునాది గోతిలోకి ఎవరూ తొంగి చూడలేదు

గౌరవనీయులైన పంచాయతీరాజ్ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. మాది అమలాపురం దగ్గర ఊరు. ఆరేళ్ల కిందట డాబా వేసుకున్నాను. హాల్లో కిటికీ మూల నుంచి పైకి ఏటవాలుగా ఒక బీట ఉంది. వేసవిలో కాలువలు కట్టేసిన నెలకి విచ్చుకుంటుంది, రూపాయి బిళ్ల అంచు దూరుతుంది. సార్వాకి (తొలకరి వరిపంటకి) నీళ్లు వదిలి, నాలుగు వానలు పడ్డాక మళ్లీ మూసుకుంటుంది. రెండుసార్లు పుట్టీ పెట్టించి రంగులేయించాను. ఇక మానేశాను.

మా అల్లుడి స్నేహితుడు ఒకాయన స్ట్రక్చరల్ ఇంజనీరు. భోజనానికొచ్చి, బీట చూసి, గోడ సంగతి వదిలేసి నేల గురించి అడిగాడు. మాది నల్లమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పైగా ఇల్లు సగం పాత మెరక మీద, సగం చేను పూడ్చిన మట్టి మీద ఉంది. ఆ రెండూ ఒకేలా కదలవు. ముందే మట్టి పరీక్ష చేయించి ఉంటే, తేమ మారే పొర దాటించి సుమారు 3.5 మీటర్ల లోతుకి, అడుగున బల్బులా ఉబ్బి ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ అనే పునాది స్తంభాలు వేయమనేవాణ్ణి అన్నాడు. మేం ఐదడుగులకే ఆగిపోయాం.

మేస్త్రిని తప్పుపట్టను. ‘నలభై ఇళ్లు కట్టాను బాబూ’ అన్నాడు, కట్టాడు కూడా. కానీ ఇనుము వంచడం వేరు, ఎంత ఇనుము కావాలో లెక్కగట్టడం వేరు. ప్లాన్ మీద సంతకం చేసినాయన మా స్థలంలో అడుగుపెట్టలేదు. గదుల కొలతలు, చుట్టూ వదిలిన ఖాళీ తప్ప మట్టి ఊసు ఏ కాగితంలోనూ లేదు. బోరు రెండడుగులు జరపమని చెప్పడానికి సిద్ధాంతి గారు మాత్రం రెండుసార్లు వచ్చారు.

అంతర్వేది, ఓడలరేవు వైపు వెళితే ఉప్పు గొడవ. ఇనుము వేసే కాంక్రీటుకి వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నా అవే కలిపేస్తే ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, శ్లాబు అడుగున పెచ్చులూడతాయి. ఇనుముకి కింద ఎడం ఉంచే కవర్ బ్లాకుల బదులు కంకర రాళ్లు పెట్టి పోసేయడం నేను కళ్లారా చూశాను.

అయ్యా, ఇల్లు కట్టుకునే అనుమతికి మట్టి పరీక్ష, ఎక్కడ ఎంత ఇనుము వేయాలో చూపే స్ట్రక్చరల్ డ్రాయింగు తప్పనిసరి చేయండి. కాగితాలు మాత్రమే అడిగితే అవీ జెరాక్స్ షాపులో దొరికేస్తాయి. అందుకని ఫుటింగు (పునాది అడుగు కాంక్రీటు) పోసేముందు ఒకసారి, శ్లాబు పోసేముందు ఒకసారి ఇంజనీరు వచ్చి చూసి సంతకం పెట్టాలి. చిన్న ఇళ్లవాళ్ల కోసం మండలానికొకరిని పెట్టి, ఫీజు ముందే ప్రకటించండి.

మా తమ్ముడి కొడుకు పక్క స్థలంలో మాఘమాసంలో శంకుస్థాపన పెట్టుకున్నాడు. అదే చేను, అదే పూడ్చిన మట్టి. అప్పటికి మీ దగ్గర నుంచి ఉత్తర్వు రాకపోతే మా అల్లుడి స్నేహితుడైన ఆ ఇంజనీరుని నేనే బస్టాండు నుంచి బండెక్కించుకొస్తాను.

భవదీయుడు,
కోనసీమలో ఒక ఇంటాయన