స్టీమ్ హోస్ పగిలిన ప్రమాదంపై ఫిర్యాదు

జీడిమెట్ల,
12-08-2024

ఫ్యాక్టరీ మేనేజర్ గారికి,

విషయం: రియాక్టర్ దగ్గర స్టీమ్ హోస్ (ఆవిరి గొట్టం) పగిలి హెల్పర్‌కు కాలిన గాయాలైన ఘటన

అయ్యా,

పోయిన వారం రెండో షిఫ్టులో 3వ నంబరు రియాక్టర్ దగ్గర స్టీమ్ హోస్ పగిలి, కాంట్రాక్ట్ హెల్పర్ కుర్రాడికి మెడ, కుడి చెయ్యి కాలిపోయాయి. వాల్వ్ అజాగ్రత్తగా తిప్పడం వల్లే ఇలా జరిగిందని మీ రిపోర్టులో రాశారు. ఈ మాట నేను ఒప్పుకోను. తప్పు ఆ కుర్రాడిది కాదు, హోస్‌ది.

పగిలిన ముక్కను వర్క్‌షాప్‌లో భద్రంగా ఉంచాం, వచ్చి చూడండి. అది స్టీమ్ హోస్ కాదు, కంప్రెసర్ గాలికి వాడే మామూలు రబ్బరు హోస్. చదరపు సెంటీమీటరుకు 7 కేజీల ప్రెషర్ దగ్గర స్టీమ్ వేడి దాదాపు 170 డిగ్రీలు ఉంటుంది. గాలి హోస్ అంత వేడికి ఎలా ఆగుతుంది? హోస్‌ను లైనుకు కలిపే కప్లింగ్ పక్కన పై రబ్బరు బొబ్బలా ఉబ్బి, లోపలి పొర ఊడిపోయి ఉంది. సరిగ్గా అక్కడే చీలింది. తెగిన కొస విసురుగా కొట్టుకుంటుంటే పట్టి ఆపడానికి సేఫ్టీ కేబుల్ కూడా లేదు.

ఉబ్బు సంగతి షిఫ్ట్ లాగ్ బుక్‌లో ముందే రాశాం. స్టోర్స్‌లో స్టీమ్ హోస్ లేదని, ప్రస్తుతానికి దీంతోనే నడిపించమని మాకు జవాబు వచ్చింది. ఆ లైనులో ప్రెషర్ చూపించే గేజ్ కూడా పాడైంది. ప్రెషర్ మొత్తం వదిలేసినా ముల్లు 4 దగ్గరే నిలబడుతుంది. దాన్ని చూసి ఎవరైనా వాల్వ్ ఎలా తిప్పాలి? ప్రెషర్ సురక్షిత పరిమితి దాటకుండా తగిన ఏర్పాట్లు ఉండాలని ఫ్యాక్టరీల చట్టం 1948, సెక్షన్ 31 చెబుతోంది. ఆ ఏర్పాట్లు చేయాల్సింది హెల్పర్ కాదు, యాజమాన్యం.

నాకు ఇంకా బాధ కలిగించిన విషయం మరొకటి ఉంది. కాంట్రాక్టర్ దీన్ని మామూలు సిక్ లీవుగా చూపించాడు. అలా అయితే ఈఎస్ఐ (కార్మికుల బీమా) నుంచి జీతంలో 70 శాతమే వస్తుంది. డ్యూటీలో జరిగిన ప్రమాదంగా నమోదైతే 90 శాతం వస్తుంది. మూడు పూటలా ఇల్లు గడవాల్సిన మనిషికి ఆ తేడా చిన్నది కాదు.

ముందు ఈఎస్ఐకి ప్రమాద రిపోర్టు పంపించండి, అజాగ్రత్త అన్న మాట కొట్టేయండి. ప్లాంటులో స్టీమ్ లైన్లకు తగిలించిన గాలి హోస్‌లన్నీ తీయించి, గేజ్‌లు మార్పించండి. అప్పటిదాకా ఆ రియాక్టర్‌కు స్టీమ్ ఇవ్వకండి. శనివారం లోపు లిఖితపూర్వకంగా జవాబు రాకపోతే ఈ లేఖను, హోస్ ముక్కను ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు అందజేస్తాం.

ఇట్లు,
ఫిట్టర్, మెయింటెనెన్స్ విభాగం