తేలే ఎరల ధర ఎందుకు పెంచాను, రంగులు ఎందుకు తగ్గించాను

మా కొట్టులో గాలాలు, రీళ్లు కొనే మిత్రులందరికీ నమస్కారం. నీటి మీద తేలే కృత్రిమ ఎరల (లూర్ల) ధర ఈ నెల నుంచి పెరిగింది. రంగులు కూడా బాగా తగ్గాయి. రెండూ నేను తీసుకున్న నిర్ణయాలే కాబట్టి కారణాలు మీకు చెప్పాలి.

మనం తెప్పించే తేలే లూర్లలో చాలావరకు అమెరికాలోని బాస్ చేప కోసం తయారైనవి. అది మంచినీటి చేప. విశాఖ చుట్టుపక్కల నీళ్లలో అది లేదు. డబ్బా మీది బొమ్మ చూసి ఆశపడే కొత్తవారికి ఈ మాట ముందే చెబుతున్నాను. మనకున్నది పండుగప్ప. దాని కుటుంబం వేరు, అది ఉప్పునీటిలోనూ మంచినీటిలోనూ బతుకుతుంది. అయితే వేటాడే తీరులో రెండింటికీ పోలిక ఉంది. చీకటి పడ్డాక లోతు తక్కువ నీళ్లలోకి వచ్చి, పైన కదిలే ప్రాణిని కింది నుంచి నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి లాగేసుకుంటాయి. ఆ ఎరలు ఇక్కడ పనికొచ్చేది అందుకే.

పనికిరానివి వాటి కొక్కేలు. మంచినీటి కోసం చేసిన సన్నని మూడు కొక్కేల గాలాన్ని పెద్ద పండుగప్ప ఒక్క ఊపులో వంచేస్తుంది. వంచకపోయినా ఉప్పునీరు తినేస్తుంది. అందుకని ఇకమీదట ప్రతి తేలే ఎరకూ పాత కొక్కేలు, రింగులు తీసేసి, సముద్రపు నీటికి తట్టుకునే మందపాటివి వేసి అమ్ముతాను. పెరిగిన ధర వాటిదే. కొక్కెం బరువు మరీ ఎక్కువైతే ఎర తోక మునిగి ఆట చెడిపోతుంది కనుక, ప్రతిదాన్నీ బకెట్ నీళ్లలో వేసి తేలే తీరు చూశాకే అరలో పెడుతున్నాను.

ఇక రంగులు. రాత్రి వేటకు నలుపు చాలు. చేప కింది నుంచి పైకి చూస్తుంది. వెన్నెల లేని రాత్రయినా నీటికంటే ఆకాశమే కాస్త వెలుతురుగా ఉంటుంది. ఆ వెలుతురుకు అడ్డంగా కదిలే నల్లని ఆకారమే దానికి స్పష్టంగా కనిపిస్తుంది. ఎర వీపు మీద మెరిసే పసుపు, పొలుసుల బొమ్మ, ఎర్రటి కళ్లు కొనేవారిని మురిపిస్తాయి తప్ప చీకట్లో చేపకు తేడా తెలియదు. ఇంట్లో రంగురంగుల లూర్లు ఉన్నవారు కొత్తది కొనకండి. పొట్ట భాగానికి నల్ల రంగు పూసుకోండి.

రంగుకంటే లయ ముఖ్యం. చేప ఒంటికి రెండు పక్కలా పొడవునా ఉండే పక్కగీతతో నీటి కదలికను పసిగడుతుంది. 1930ల చివర్లో అమెరికాలో వచ్చిన జిట్టర్‌బగ్ అనే ఎర ఇప్పటికీ రాత్రిపూట నడుస్తోందంటే ఈ గుణం వల్లే. దాని ముందున్న వెడల్పాటి లోహపు పెదవి నీటిని ఒకసారి ఎడమకూ ఒకసారి కుడికీ తోస్తూ ‘బుడుక్ బుడుక్’ మంటూ వస్తుంది. రీలు మెల్లగా, ఒకే వేగంతో తిప్పండి. పగటిలా ఆపి, కుదిపి, మళ్లీ లాగితే చీకట్లో చేప గురి తప్పుతుంది.

అన్నిటికంటే కష్టమైనది ఓపిక పట్టడం. నీళ్లు భళ్లుమనగానే చెయ్యి దానంతటదే రాడ్‌ను వెనక్కి లాగుతుంది. చేప నోట్లోకి ఇంకా వెళ్లని ఎర, కొక్కేలతో సహా నేరుగా మన ముఖం మీదికి ఎగిరి వస్తుంది. శబ్దం విని లాగకండి. దారం బిగిసి, బరువు చేతికి తెలిశాక లాగండి. కళ్లకు రంగులేని అద్దాలు తప్పనిసరి. ఈ విషయంలో నేను మొహమాటపడను, అద్దాలు లేవంటే అడిగి మరీ అంటగడతాను. పండుగప్ప మొప్పల అంచు బ్లేడులా కోస్తుంది కాబట్టి దారం చివర నలభై పౌండ్ల లీడర్ (ఎరకు ముందు కట్టే మందపాటి దారం ముక్క) వేయండి, వేళ్లు మొప్పల దగ్గర పెట్టకండి.

మన తీరంలో సాయంత్రం సముద్రపు గాలికి నీళ్లు చిట్లుతుంటాయి. తేలే ఎర ఆ అలజడిలో కనిపించదు, వినిపించదు. రాత్రి ముదిరి గాలి నేల వైపు నుంచి తిరిగితే నీరు సర్దుకుంటుంది. భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసే మొగలాంటి చోట్ల ఆ వేళ, పోటు తిరిగే సమయం చూసుకుని వేయండి. టార్చి వెలుగు నీళ్ల మీద పడనీయకండి. మంచినీటి జలాశయాల్లో అనుమతి లేకుండా వేయవద్దు. యారాడ, రుషికొండ రాళ్ల మీదికి రాత్రి ఒంటరిగా వెళ్తానంటే మాత్రం ఎర అమ్మను. అలిగినా సరే, మీరు ఇంటికి చేరడం నాకు ముఖ్యం.

ఇంకో మనవి. పండుగప్ప మొదట మగగా పెరిగి, కొన్నేళ్లకు ఆడగా మారుతుంది. అంటే బాగా పెద్దవన్నీ దాదాపు గుడ్లు పెట్టేవే. కూరకు మధ్యరకం చేప చాలు. పెద్దదాన్ని ఫోటో తీసుకుని వదిలేయండి. చేప నోటి నుంచి సులువుగా ఊడేలా కొక్కెం ముల్లు నొక్కి ఇమ్మంటే ఇక్కడే నొక్కి ఇస్తాను.

కొరమీను కోసం కప్ప ఎరలు అడిగేవారికి: అవి మాత్రం అన్ని రంగుల్లో ఉన్నాయి, ధర మారలేదు. తెల్లవారుజామునా సందెవేళా వేసేవి కాబట్టి వాటి లెక్క వేరు.

నల్ల లూర్ల కొత్త సరుకు ఇంకా దారిలో ఉంది. వచ్చేదాకా మీ పాత ఎరలు పట్టుకురండి. కొక్కేల ఖరీదు మాత్రమే తీసుకుని మార్చి ఇస్తాను, కూలి అక్కర్లేదు.